పూసకట్టిన గాజు

వెన్న కాచి నెయ్యి దించిన రోజున మా అమ్మమ్మ ఆ గిన్నెను వంటింట్లో ఒక మూలన పెట్టి, మరునాటి పొద్దుటి దాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కదపకుండా, తొందరపెట్టకుండా చల్లారనిస్తేనే నెయ్యి చక్కగా పూసకడుతుంది. అవసరం పడి చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చిన నెయ్యి మెత్తగా పేరుకుంటుందే గాని అందులో పూస కనబడదు. రెండు గిన్నెలలోనూ ఉన్నది ఒకే వెన్న. తేడా అంతా చల్లారడానికి పట్టిన కాలానిది.

సరిగ్గా ఈ సంగతి రాళ్ళకు వర్తిస్తుందా, వర్తించదా అన్న తగవు పద్దెనిమిదో శతాబ్దం చివర ఐరోపాలో పెద్దయెత్తున నడిచింది. ఆ తగవు ఒక కొలిక్కి వచ్చాక దాని కడుపున మరో చిన్న తగవు పుట్టింది. గాజు పూర్తిగా గాజుగా ఉండక, స్ఫటికం పూర్తిగా స్ఫటికమూ కాక, నడిమధ్యలో నిలిచిపోయిన సూక్ష్మరూపాలు కొన్ని అగ్నిపర్వత శిలల్లో కనబడతాయి. అవి పుట్టబోతున్న స్ఫటికాలా, పుట్టలేకపోయిన స్ఫటికాలా? మొదటి తగవును భూగర్భశాస్త్ర చరిత్రలన్నీ వర్ణిస్తాయి. రెండవదానికి ఒకటి రెండు వాక్యాలకు మించి దక్కదు. నాకు మాత్రం రెండవదే ఎక్కువ ఇష్టం. అందుకే ఈ టపా.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషులో వీటిని క్రిస్టలైట్లు అంటారు. తెలుగులో ఏమనాలి? మొదట నాకు తట్టిన మాట 'స్ఫటికాంకురం'. చెవికి ఇంపుగానే ఉంది. కాని అంకురం అనగానే అది పెరిగి పెద్దదై స్ఫటికం అయి తీరుతుందన్న సిద్ధాంతాన్ని పేరులోనే ఒప్పేసుకున్నట్టవుతుంది. తగవంతా ఆ సిద్ధాంతం మీదనే కదా! కనుక ఆ మాటను పక్కన పెట్టి, నాటకానికి నాటిక ఉన్నట్టే స్ఫటికానికి 'స్ఫటికిక' అని పెట్టుకుంటున్నాను. చిన్నది అన్న అర్థం తప్ప ఇందులో మరే వాగ్దానమూ లేదు. వీటికన్నా కొంచెం ఎదిగి, స్ఫటిక లక్షణాలను స్పష్టంగా చూపే మైక్రోలైట్లను 'సూక్ష్మస్ఫటికాలు' అందాం.

స్ఫటికానికీ గాజుకూ తేడా పదార్థంలో ఉండనక్కరలేదు, అమరికలో ఉంటుంది. స్ఫటికంలో పరమాణువులు బారులు తీరి, ఒకే క్రమాన్ని మళ్ళీ మళ్ళీ పాటిస్తూ కూర్చుంటాయి. గాజులో అవి ద్రవంలో ఉన్నప్పటి గజిబిజిలోనే బిగుసుకుపోతాయి. పటికబెల్లమూ చక్కెరే, పీచుమిఠాయీ చక్కెరే. మొదటిది నింపాదిగా పేరుకున్న స్ఫటికం, రెండవది గాలిలో క్షణంలో గడ్డకట్టిన చక్కెర గాజు. అగ్నిపర్వతం వెలిగక్కిన శిలాద్రవంలో సిలికా పాలు హెచ్చుగా ఉంటే అది ముదురుపాకంలా చిక్కగా ఉంటుంది. పరమాణువులు కదిలి తమ చోటు వెతుక్కోవడం అందులో కష్టం. అటువంటి ద్రవం త్వరగా చల్లారితే అబ్సిడియన్ అనే నల్లని గాజురాయి ఏర్పడుతుంది. రాతియుగం మనుషులు కత్తులుగా, బాణపు ములుకులుగా చెక్కుకున్నది దీనినే. తారుముద్దలా మెరిసే పిచ్‌స్టోన్ కూడా ఈ కుటుంబంలోదే.

ఇక కథలోకి వద్దాం. ఇది రాళ్ళ దగ్గర కాక సీసాల దగ్గర మొదలవుతుంది.

చైనా పింగాణీ రహస్యం కోసం ఐరోపా అంతా తహతహలాడుతున్న రోజుల్లో, ఫ్రాన్సులో రెయోమ్యూర్ అనే పండితుడు ఒక విచిత్రమైన దారి పట్టాడు. ఉష్ణమాపకానికి తన పేరిట ఒక కొలమానాన్ని ఇచ్చినవాడూ, కీటకాల మీద సంపుటాలు రాసినవాడూ ఈయనే. మామూలు సీసాలను ఇసుక, జిప్సం కలిపిన పొడిలో పాతిపెట్టి కుమ్మరి ఆవంలో చాలాసేపు కాల్చాడు. బయటికి తీసేసరికి అవి సీసాల ఆకారంలోనే ఉన్నాయి గాని గాజు కావు. తెల్లగా, పారదర్శకత లేకుండా, విరిచి చూస్తే లోపల నారలు నారలుగా ఉన్నాయి. ఈ సంగతిని ఆయన 1739లో ప్రకటించాడు. ఆ సరుకుకు 'రెయోమ్యూర్ పింగాణీ' అన్న పేరైతే మిగిలింది గాని అది చైనా పింగాణీ కాలేకపోయింది. తాను చేసినది పింగాణీ కాదనీ, గాజును పూసకట్టించడమనీ ఆయన గ్రహించలేదు. గ్రహించడానికి కావలసిన భావజాలమే అప్పటికి లేదు.

ఆ భావజాలం వైపు మొదటి అడుగు వేసినవాడు జేమ్స్ కీర్. ఇంగ్లండులో స్టౌర్‌బ్రిడ్జ్ దగ్గర గాజు కర్మాగారం నడిపిన రసాయనవేత్త. కొలిమి అడుగున నెమ్మదిగా చల్లారిన గాజులో స్ఫటికాలు ఏర్పడడం చూసి, 1776లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఐర్లండులోని జెయింట్స్ కాజ్‌వే వద్ద కనబడే బసాల్టు స్తంభాలు కూడా ఇలాగే కరిగిన ద్రవం చల్లారినప్పుడు ఏర్పడి ఉండవచ్చునని ఆ వ్యాసంలో ఒక ఊహను వదిలాడు.

ఊహ చిన్నదే గాని అది పడిన చోటు మందుగుండు కొట్టు. బసాల్టు ఎలా పుట్టింది? జర్మనీలో ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో పాఠాలు చెప్పే వెర్నర్, ఆది సముద్రపు నీటిలోనుండి పేరుకున్న అడుసే బసాల్టు అన్నాడు. ఐరోపా నలుమూలల నుండి వచ్చి చదువుకున్న శిష్యులు ఆ మాటను నలుమూలలకూ మోశారు. ఎడిన్‌బరోలో జేమ్స్ హటన్, భూగర్భంలోని అగ్నిలో కరిగి పైకి ఉబికిన ద్రవమే బసాల్టు అన్నాడు. వెర్నర్ పక్షం వారి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. అయ్యా, బసాల్టును కొలిమిలో పెట్టి కరిగించి చల్లార్చండి, మీకు వచ్చేది నల్లని గాజు. రాయి రాదు. కరిగినది చల్లారితే గాజు అవుతున్నప్పుడు, రాయి కరిగిన ద్రవంలోనుండి పుట్టిందని ఎలా అంటారు? తర్కానికి లోటు లేదు. లోటు ఓపికలో ఉంది.

హటన్ మిత్రుడు, భూస్వామి అయిన సర్ జేమ్స్ హాల్‌కు ఆ లోటు 1790లో కనబడింది. ఎడిన్‌బరో రేవు అయిన లీత్‌లోని గాజు కర్మాగారంలో, పచ్చసీసాల గాజు ఒక పెద్ద ముద్ద పొరపాటున నెమ్మదిగా చల్లారి, రాయిలా మొద్దుబారి, పారదర్శకత పోగొట్టుకుంది. దానినే మళ్ళీ కరిగించి త్వరగా చల్లారిస్తే మళ్ళీ గాజు అయింది. అదే పదార్థం, రెండు రూపాలు. రాళ్ళతోనూ ఇలా చేసి చూద్దామంటే హటన్ ఒప్పుకోలేదు. భూగర్భంలో జరిగే మహాకార్యాలను చిన్న మూసలో నిప్పు రాజేసి పరీక్షించడం కుదరదని ఆయన అభిప్రాయం. నన్నడిగితే, తన సిద్ధాంతానికి ఎంతో అవసరమైన సాక్ష్యాన్ని హటన్ తానే గుమ్మం దగ్గర ఆపేశాడు. హాల్ మర్యాదస్తుడు. పెద్దాయన మాటకు విలువ ఇచ్చి ఆగాడు. 1797లో హటన్ మరణించాక, 1798లో పని మొదలుపెట్టాడు.

ఎడిన్‌బరో పరిసరాల నల్లరాళ్ళనూ, ఇటలీ అగ్నిపర్వతాల లావానూ కొలిమిలో కరిగించాడు. ఒక్కసారిగా చల్లారిస్తే గాజు. ఆ గాజును కరిగే వేడికన్నా తక్కువ వేడిలో కొంతసేపు నిలిపి ఉంచితే, తిరిగి రాయి. నల్లరాయీ లావా ఒకే తీరుగా ప్రవర్తించాయి. రాబర్ట్ కెనెడీ అనే రసాయనవేత్త వాటి సమ్మేళనం కూడా దాదాపు ఒకటేనని తేల్చాడు. అన్నట్టు, గాజులోనుండి తాను తిరిగి పుట్టించిన ఈ రాతి పదార్థానికి హాల్ పెట్టిన పేరు క్రిస్టలైట్! ఆ మాటకు ఇది మొదటి జన్మ.

తరవాతి వంతు ఒక యువకుడిది. ఆవిరి యంత్రపు జేమ్స్ వాట్ కుమారుడు గ్రెగరీ వాట్. గాజులో స్ఫటికాలను చూసిన కీర్, వాట్ తండ్రికి ఆప్తుడు. బర్మింగ్‌హామ్‌లో వాళ్ళందరిదీ ఒకే మిత్రమండలి. గ్రెగరీకి క్షయ. ఆరోగ్యం కోసం పెంజాన్స్‌లో కొన్నాళ్ళుండి, అక్కడ తాను అద్దెకున్న ఇంటి కుర్రవాడితో స్నేహం చేశాడు. ఆ కుర్రవాడు తరవాతి కాలపు మహా రసాయనవేత్త హంఫ్రీ డేవీ. గ్రెగరీ చేసిన ప్రయోగం చిన్న మూసలతో కాదు. రౌలీ కొండల బసాల్టును సుమారు ఏడు హండ్రెడ్‌వెయిట్లు, అంటే మూడున్నర వందల కిలోలు, కొలిమిలో కరిగించి, ఎనిమిది రోజులపాటు చల్లారనిచ్చాడు. ముద్ద ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉండడం వల్ల ఒకే ముద్దలో చల్లారే వేగాలన్నీ వరుసగా దొరికాయి. పలచని అంచున స్వచ్ఛమైన గాజు. కొంచెం లోపలికి వస్తే గాజులో చిన్న చిన్న గుండ్లు. ఇంకా లోపలికి వస్తే ఆ గుండ్లు పెరిగి, కేంద్రంనుండి నలువైపులకూ నారలు చిమ్ముతూ, ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఇంకా లోపల రాయి. గాజునుండి రాయికి దారి ఒక్క గెంతు కాదని, నడుమ మజిలీలు ఉన్నాయని మొదటిసారి కళ్ళకు కట్టినట్టు చూపిన ముద్ద అది. వ్యాసం 1804 మే నెలలో రాయల్ సొసైటీలో చదివారు. అదే సంవత్సరం అక్టోబరులో గ్రెగరీ వాట్ కన్నుమూశాడు. వయస్సు ఇరవై ఏడు.

ఆ తరవాత అరవై ఏళ్ళు ఈ మజిలీల గురించి ఎవరూ పెద్దగా ముందుకు పోలేదు. కారణం సులువైనదే. కంటితో చూడగలిగినది అయిపోయింది. రాయి లోపలికి చూడాలంటే వెలుతురు రాయిలోనుండి రావాలి.

దానికి కావలసిన రెండు పనిముట్లనూ ఎడిన్‌బరోకే చెందిన విలియం నికోల్ అందించాడు. 1828లో ఆయన కాల్సైట్ స్ఫటికాన్ని కోసి, రెండు ముక్కలను కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో అతికి, వెలుతురును ఒకే తలంలో కంపించేలా చేసే పట్టకాన్ని తయారుచేశాడు. శిలాజపు కర్రను కాగితం కన్నా పలచగా అరగదీసి, గాజు పలక మీద అతికి, సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి కూడా ఆయన చేతిలోనే పదునెక్కింది. కాని ఆ పద్ధతిని మామూలు రాళ్ళకు వాడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అది వచ్చినది షెఫీల్డ్ నివాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీకి. కత్తుల వ్యాపారపు కుటుంబం. తండ్రి మిగిల్చిన ఆస్తి ఉంది, ఉద్యోగం చేయవలసిన అవసరం లేదు. 1849 ప్రాంతంలో రాళ్ళను అరగదీయడం మొదలుపెట్టాడు. రాతిముక్క ఒక ముఖాన్ని నున్నగా అరగదీసి, కెనడా బాల్సంతో గాజుకు అంటించి, రెండో ముఖాన్ని మిల్లీమీటరులో నూటికి రెండు మూడు వంతులు మిగిలేదాకా అరగదీస్తే, నల్లని బసాల్టు కూడా కిటికీ అద్దంలా వెలుతురును వదులుతుంది. కొండలను సూక్ష్మదర్శినిలో చూడడమేమిటని సమకాలికులు నవ్వారని ఆయనే తరవాతి రోజుల్లో గుర్తు చేసుకున్నాడు. 1858లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో, స్ఫటికాలు పెరుగుతూ తమలో బంధించుకున్న నీటి బిందువులనూ, గాజు బిందువులనూ చూసి అవి ఎటువంటి పరిస్థితుల్లో పుట్టాయో చెప్పవచ్చునని నిరూపించాడు.

ఇంగ్లండు ఆయనను పట్టించుకోలేదు. 1860ల తొలినాళ్ళలో జర్మనీ యాత్రకు వెళ్ళినప్పుడు బాన్ నగరంలో ఫెర్డినాండ్ జిర్కెల్ అనే యువకుడు పరిచయమయ్యాడు. ఆ పరిచయంతో జిర్కెల్ జీవితమే మారిపోయింది. 1863కల్లా సూక్ష్మదర్శినితో శిలాపరిశీలన మీద తన మొదటి గ్రంథం ప్రకటించాడు. శిలాశాస్త్రం తరవాతి యాభై ఏళ్ళు జర్మన్ భాషలో మాట్లాడింది.

జిర్కెల్ మిత్రుడే మన కథానాయకుడు, హెర్మన్ ఫోగెల్‌జాంగ్. ఇద్దరూ 1838లోనే పుట్టారు. జిర్కెల్ శిలలన్నిటినీ వర్ణించి, వర్గీకరించి, బృహద్గ్రంథాలు రాసే మనిషి. ఫోగెల్‌జాంగ్ వేరు. ఆయన హాలండులోని డెల్ఫ్ట్ పాలిటెక్నిక్‌లో ఆచార్యుడు. 1867లో వెలువడిన ఆయన పుస్తకం పేరులోనే 'భూగర్భశాస్త్ర తత్త్వం' అన్న మాట ఉంది. ఏది ఏమిటి అన్న ప్రశ్న ఆయనకు చాలలేదు. అది అలా ఎలా అయింది అన్నది కావాలి. బాన్‌లోని గైస్లర్ అనే గాజుపని నిపుణుడితో కలిసి, క్వార్ట్జ్ స్ఫటికాలలోని బిందువులు కొన్ని ద్రవరూపపు కార్బన్ డయాక్సైడ్ అని 1869లో ప్రయోగపూర్వకంగా తేల్చాడు. విద్యుత్తుతో రంగురంగులుగా వెలిగే గైస్లర్ నాళాల గైస్లర్ ఈయనే.

ఫోగెల్‌జాంగ్ చూపు గాజు శిలల మీద నిలిచింది. పలచగా అరగదీసిన అబ్సిడియన్‌ను రెండు నికోల్ పట్టకాల మధ్య, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి చూస్తే, గాజు పూర్తిగా చీకటిగా ఉంటుంది. అందులోని స్ఫటికాలలో చాలావాటి గుండా కాంతి రెండుగా చీలుతుంది కనుక అవి చుక్కల్లా వెలుగుతాయి. గాజో స్ఫటికమో తేల్చే పరీక్ష ఇదే. ఈ పరీక్షకు లొంగని రూపాలు ఆయనకు లెక్కలేనన్ని కనబడ్డాయి. మామూలు వెలుతురులో స్పష్టంగా రూపం ఉంది, కాని పట్టకాల మధ్య వెలగడం లేదు. వీటికి హాల్ వాడి వదిలేసిన మాటనే కొత్త అర్థంతో తగిలించాడు. క్రిస్టలైట్లు, మన స్ఫటికికలు. ఆ మాటకు ఇది రెండవ జన్మ.

వీటి పేర్లు చదువుతుంటే నగల దుకాణంలో తిరుగుతున్నట్టుంటుంది. ఒంటరి గుండ్రని చుక్క గ్లాబ్యులైట్. మనం గోళిక అనవచ్చు. గోళికలు వరుసగా పేరుకుంటే మార్గరైట్, గ్రీకులో ముత్యమని అర్థం. అంటే ముత్యాల సరం. సాగి పొడవైతే లాంగ్యులైట్, కర్రపుల్లలా ఉంటే బాక్యులైట్. వెంట్రుకల్లా సన్నగా, వంకర తిరిగి ఉంటే ట్రైకైట్. సాలెపురుగు కాళ్ళలా ఒక చిన్న నల్లని గింజ చుట్టూ మొలిచిన ట్రైకైట్లను చూస్తే ఎవరికైనా ఇది ప్రాణమున్న వస్తువేమో అన్న భ్రమ కలగక మానదు. స్కాట్లండులోని ఆరన్ దీవి పిచ్‌స్టోన్‌లో ఇవి మరింత అందంగా, ఫెర్న్ ఆకుల్లా కొమ్మలు వేస్తాయి. 1872లో శామ్యూల్ ఆల్‌పోర్ట్ వాటిని వర్ణించాడు. ప్రతి ఆకు చుట్టూ ఒక స్వచ్ఛమైన ఖాళీ వలయం ఉంటుంది. అంతటా ధూళిలా పరచుకున్న సూక్ష్మరూపాలు ఆ వలయంలో మాత్రం ఉండవు. చుట్టుపక్కల మేత అంతా ఆ ఆకే మేసేసింది.

చూసి వర్ణించడంతో ఆగలేదు ఫోగెల్‌జాంగ్. రాయి గతంలో చేసిన పనిని తన కళ్ళ ముందు చేయించదలచుకున్నాడు. గంధకాన్ని కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి, అందులో కెనడా బాల్సం కలిపాడు. నికోల్ పట్టకాన్ని అతికిన జిగురూ, సార్బీ రాళ్ళను గాజుకు అంటించిన జిగురూ మళ్ళీ ఇదే. ఈ కథలో ఆ ఫర్‌చెట్టు జిగురుకు ఒక పాత్ర ఇవ్వవలసినదే! ఇక్కడ దాని పని ద్రవాన్ని చిక్కబరచడం. పలచని ద్రావణంలో గంధకం క్షణంలో స్ఫటికం కట్టేస్తుంది, చూడడానికి ఏమీ ఉండదు. జిగురు కలిపితే, శిలాద్రవంలోలాగా, ప్రతి కదలికా మందగిస్తుంది. ఆ మిశ్రమం చుక్కను గాజు పలక మీద వేసి, ద్రావకం ఆవిరవుతుండగా సూక్ష్మదర్శినిలో చూశాడు. మొదట గోళికలు. అవి కొన్ని కలిసి పెద్దవయ్యాయి, కొన్ని బారులు తీరి ముత్యాల సరాలయ్యాయి. ఉన్నట్టుండి ఒక గోళిక అంచులూ కోణాలూ తేరి స్ఫటికమైంది. దాని చుట్టూ ఉన్న గోళికలు దానిలో లీనమై, ఒక ఖాళీ వలయం మిగిలింది.

ఆరన్ దీవి రాతిలో ఉన్న వలయం, డెల్ఫ్ట్‌లో బల్ల మీద. ఇది చూసినవాడు ఏ నిర్ణయానికి వస్తాడు? గోళిక స్ఫటికానికి బాల్యదశ అని. ద్రవం తిన్నగా స్ఫటికం కాదు, మొదట గోళికలుగా కూడుతుంది, గోళికలు సరాలవుతాయి, సరాలు స్ఫటికాలవుతాయి అని. ఫోగెల్‌జాంగ్ ఆ నిర్ణయానికే వచ్చి, దాని మీద ఒక పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. 1874 జూన్‌లో, ముప్పై ఆరేళ్ళకే, మరణించాడు. ఆ రాతలను జిర్కెల్ సవరించి 'డీ క్రిస్టలీటెన్' పేరుతో 1875లో బాన్‌లో అచ్చువేయించాడు. మిత్రుడి పుస్తకాన్ని అచ్చుకు సిద్ధం చేయడం ఎటువంటి పనో, ఎవరి రాతలనైనా వారు పోయాక సర్దిన అనుభవం ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సిద్ధాంతం నిలవలేదు. గంధకపు గోళికలు స్ఫటికాలకు బాల్యదశ కావనీ, అతిగా చల్లబడినా ఇంకా గడ్డకట్టని ద్రవబిందువులనీ తరవాతివారు అన్నారు. రాళ్ళలోని గోళికలు, వెంట్రుకలలో చాలావాటికి పరీక్షలో వెలగకపోవడానికి కారణం అవి స్ఫటికాలు కాకపోవడం కాదు, మరీ చిన్నవి కావడం. దానికితోడు కొన్ని ఖనిజాలు తమ అమరిక వల్లనే ఆ పరీక్షలో ఎప్పుడూ చీకటిగా ఉంటాయి. అంటే ఫోగెల్‌జాంగ్ గీసిన సరిహద్దు ప్రకృతిలోనిది కాదు, చాలావరకు ఆయన సూక్ష్మదర్శినిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుస్తావ్ టమ్మాన్ ఈ విషయాన్ని వేరే దారిన తేల్చాడు. స్ఫటికబీజాలు పుట్టే వేగం ఒకటి, పుట్టినవి పెరిగే వేగం మరొకటి. రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర గరిష్ఠం కావు. పెరుగుదలకు అనువైన వేడిలో బీజాలు పుట్టవు, బీజాలు విరివిగా పుట్టే వేడికి దిగేసరికి ద్రవం చిక్కబడి అవి పెరగలేవు. ఆ రెండవ స్థితిలో బిగిసిపోయిన ద్రవమే ధూళి నిండిన గాజు. మన వికారాబాదు కొండల్లో, రాజమండ్రి దగ్గర కాతేరులో ఉన్న ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి బసాల్టుకూ ఇదే సూత్రం. పెద్ద స్ఫటికాల సందుల్లో చివరిదాకా మిగిలిన ద్రవం గాజుగా బిగిసేది. ఇన్ని కోట్ల ఏళ్ళలో ఆ గాజు చాలావరకు మట్టి ఖనిజాలుగా మారిపోయింది.

క్రిస్టలైట్ అన్న మాటకు మూడవ జన్మ ఎక్స్‌కిరణాలతో వచ్చింది. డెబై, షెరర్ 1916లో పొడి పదార్థాల మీద ఎక్స్‌కిరణాలను ప్రసరింపజేసే పద్ధతిని కనిపెట్టాక, లోహమైనా, మందుబిళ్ళ అయినా, సుద్ద అయినా, దానిలో ఒకే క్రమం చెదరకుండా సాగే ఒక్కొక్క తునకను క్రిస్టలైట్ అనడం వాడుకైంది. ఇప్పుడు ఏ ప్రయోగశాలలో ఆ మాట వినబడినా ఈ అర్థంలోనే. ఫోగెల్‌జాంగ్ ఆ గదిలోకి వస్తే తన మాటను పోల్చుకోలేడు.

రెయోమ్యూర్ కోరిక కూడా తీరింది, రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా. 1953లో అమెరికాలోని కార్నింగ్ గాజు సంస్థలో డొనాల్డ్ స్టూకీ ఒక గాజు పలకను 600 డిగ్రీలకు వేడిచేయాలని కొలిమిలో పెట్టాడు. నియంత్రణ చెడి కొలిమి 900 డిగ్రీలకు పోయింది. కరిగి ముద్దయి ఉంటుందనుకుని తలుపు తీస్తే, పలక ఆకారం చెడకుండా, తెల్లగా ఉంది. పట్టకారునుండి జారి నేలమీద పడి లోహంలా ఖంగుమంది, పగలలేదు. అందులో ముందే వేసిన వెండి రేణువులు బీజాలై, గాజంతటా ఒకేసారి లెక్కలేనన్ని సూక్ష్మస్ఫటికాలు పుట్టాయి. రెయోమ్యూర్ సీసాలో స్ఫటికాలు పైనుండి లోపలికి నారలుగా పెరిగాయి గనుక అది బలహీనం. ఇక్కడ బీజాలు అన్నిచోట్లా ఉన్నాయి గనుక ఇది గట్టిది. నేటి గాజుపింగాణీలన్నీ, పొయ్యి మీదినుండి తీసి చన్నీళ్ళలో పెట్టినా పగలని వంటపాత్రలతో సహా, ఆ పలక సంతానమే.

శిలల వైపు వస్తే, 1980 మే 18న అమెరికాలో మౌంట్ సెయింట్ హెలెన్స్ పేలాక స్ఫటికికల విలువ ఒక్కసారిగా పెరిగింది. ఇక్కడ మా అమ్మమ్మ నెయ్యి పోలిక కొంచెం దెబ్బతింటుందని ఒప్పుకోవాలి. శిలాద్రవంలో లోతున, పీడనం కింద, నీరు కరిగి ఉంటుంది. ద్రవం పైకి వస్తున్నకొద్దీ పీడనం తగ్గి ఆ నీరు ఆవిరిబుడగలై విడిపోతుంది. నీరు పోయిన ద్రవం, వేడి ఏమాత్రం తగ్గకపోయినా, స్ఫటికం కట్టనారంభిస్తుంది. అంటే సూక్ష్మస్ఫటికాలు చల్లారిన వేగాన్నే కాదు, పైకెక్కిన వేగాన్ని కూడా రాసి పెడుతున్నాయి. బూడిదరేణువులో అవి కొద్దిగా, పెద్దవిగా ఉంటే ద్రవం నింపాదిగా వచ్చింది. చిన్నవి, లెక్కకు మిక్కిలిగా ఉంటే వేగంగా వచ్చింది. అసలు లేకపోతే వాటికి పుట్టే వ్యవధి కూడా ఇవ్వనంత వేగంగా వచ్చింది. 1992లో క్యాథరిన్ క్యాష్‌మన్ ఆ అగ్నిపర్వతపు శిలల్లో ఈ లెక్కలు కట్టి చూపింది. ఇప్పుడు అగ్నిపర్వతాలను కనిపెట్టుకుని ఉండేవారు, ఆ కొండవాలులో ఊళ్ళున్నవారి కోసం, ఈ చుక్కలను లెక్కపెడుతున్నారు.

1996లో ఇంకా చిన్నవాటికి, మైక్రాన్ కన్నా తక్కువ ఉన్నవాటికి, నానోలైట్లు అన్న పేరు వచ్చింది. 2020లో వెలువడిన పరిశోధనల ప్రకారం, ఇనుపఖనిజపు ఈ అతిసూక్ష్మ రూపాలు ద్రవాన్ని ఉన్నట్టుండి చిక్కబరచి, బుడగలు పుట్టడానికి తావులిచ్చి, మామూలుగా సాఫీగా పారవలసిన లావాను పేలేలా చేయగలవు. ఇంతకాలం సాక్షులనుకున్నవి నేరంలో పాల్గొన్నవని తేలుతోందన్నమాట.

ఫోగెల్‌జాంగ్ సంగతి కూడా ముగిసిపోలేదు. 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో టెన్ వోల్డ, ఫ్రెంకెల్ అనే ఇద్దరు, ప్రోటీన్లు స్ఫటికం కట్టే తీరును కంప్యూటరులో లెక్కించారు. కొన్ని పరిస్థితుల్లో ముందు క్రమం లేని చిక్కని ద్రవబిందువు ఏర్పడుతుందనీ, ఆ తరవాతనే దానిలోపల స్ఫటికం మొదలవుతుందనీ తేలింది. 2008లో జర్మన్ పరిశోధకులు, సున్నపురాతి ఖనిజం కూడా స్ఫటికం కట్టకముందే ద్రావణంలో స్థిరమైన గుంపులుగా కూడుతుందని చూపారు. గోళిక మొదట, స్ఫటికం తరవాత! అన్ని పదార్థాలకూ కాదు, అన్నివేళలా కాదు. అబ్సిడియన్‌లోని గోళికల విషయంలో ఆయన పొరబడ్డాడన్నది అలాగే ఉంది. కాని డెల్ఫ్ట్‌కు అరవై కిలోమీటర్ల దూరంలో, నూట ఇరవై ఏళ్ళకు పైబడి గడిచాక, ఆయన ప్రశ్నను మళ్ళీ అడగవలసి వచ్చింది.

అందుచేత 'స్ఫటికాంకురం' అన్న మాటను కొట్టివేయకుండా చిత్తుకాగితం మీద అలాగే ఉంచాను. ఇక మిగిలింది నానోలైట్. 'నానోస్ఫటికం' అనడం సులువే గాని ఆ మాట ఇప్పటికే వేరే అర్థంలో చలామణిలో ఉంది. 'స్ఫటికరేణువు' అందామా, 'స్ఫటికధూళి' అందామా? ఇంతకన్నా మంచిది ఎవరికైనా తోస్తే చెప్పండి, టపాలో మారుస్తాను.